బెంగళూరులో సొంతంగా వంట నేర్చుకునేవారికి: వంటింటి అలవాట్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్ళి, బెల్లందూరు, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ. ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చిన మనవాళ్ళలో చాలామంది కొన్నాళ్ళు పీజీలో తింటారు. తరవాత ఇద్దరు ముగ్గురు కలిసి ఇల్లు తీసుకుంటారు, అప్పుడు మొదలవుతుంది వంట. పక్కన అమ్మ ఉండదు, అమ్మమ్మ ఉండదు. ఫోన్‌లో మాత్రం వీడియోలు బోలెడు. ఆ వీడియో వంటకం చెబుతుంది గానీ, మీ మూకుడులో మినపప్పు ఎర్రబడింది, ఇక దించు అని చెప్పదు. పక్కన నిలబడి చెప్పేవాళ్ళు లేనప్పుడు ఆ పని అలవాట్లే చేయాలి. నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇవి.

అసలేమీ రాదు. ఏ వంటతో మొదలుపెట్టాలి?

అన్నం, పప్పు, ఒక వేపుడు, చారు. ఒక నెలపాటు ఈ నాలుగే తిప్పి తిప్పి వండండి. రోజుకో కొత్త వంట చేస్తే ఏదీ చేతికి రాదు, ఎందుకంటే నిన్నటిదానితో ఇవాళ్టిది పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. అదే బెండకాయ వేపుడు వారానికి రెండుసార్లు చేశారనుకోండి, కొద్ది రోజుల్లోనే మీ కళ్ళకే కనిపిస్తుంది: కాయలు కడిగి ఆరనివ్వకుండా కోస్తే జిగురొస్తోంది, మూత పెడితే మెత్తబడుతోంది, ఉప్పు ముందే వేస్తే నీరు వదులుతోంది. ఈ సంగతులు తెలిస్తే దొండకాయకీ కాకరకాయకీ మళ్ళీ కొత్తగా నేర్చుకునేది కొంచెమే.

పైగా ఈ నాలుగు వంటల్లోనే ఉడికించడం, వేయించడం, పులుపూ ఉప్పూ సరిచూసుకోవడం, తాలింపు పెట్టడం అన్నీ ఉన్నాయి. బిర్యానీ తొందర వద్దు.

వీడియో చూస్తూ వండొచ్చా?

వండేముందు మొత్తం ఒకసారి చూడండి, వండేటప్పుడు ఫోన్ పక్కన పెట్టేయండి. పాజ్ నొక్కడానికి చెయ్యి తుడుచుకునేలోపు ఉల్లిపాయలు మాడతాయి. కావలసిన నాలుగు ముక్కలు కాగితం మీద రాసి గోడకి అంటించుకుంటే చాలు.

అన్నీ ముందే కోసి పెట్టుకోమంటారు. ఆఫీసు నుంచి వచ్చాక అంత టైం ఎక్కడిది?

అన్ని వంటలకీ అక్కర్లేదు. పప్పు కుక్కర్‌లో ఉడుకుతున్నంతసేపట్లో టమాటాలు కోసుకోవచ్చు, చింతపండు నానబెట్టుకోవచ్చు. కానీ వేడి నూనెతో మొదలయ్యే ఏ పనికైనా ముందు అన్నీ చేతికందేలా ఉండాలి. నూనె కాగాక అల్లం వెల్లుల్లి వలవడం మొదలుపెడితే మంట మీ కోసం ఆగదు.

నేను పట్టుబట్టి చెప్పేది ఒక్కటే: స్టవ్ వెలిగించేముందు మూడు చూసుకోండి. వంటకి కావలసిన దినుసులు ఇంట్లో ఉన్నాయా, గట్టు మీద వేడి గిన్నె దించడానికి ఖాళీ ఉందా, పట్టకారు ఎక్కడుంది. వేడి మూకుడు పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసేటప్పుడే ప్రమాదాలు జరుగుతాయి.

తాలింపు ఒకరోజు పచ్చిగా, ఒకరోజు మాడిపోయి వస్తోంది. ఎలా కుదురుతుంది?

తెలుగు వంటలో సగం రుచి ఇక్కడే ఉంది కాబట్టి ఇది వివరంగా చెబుతాను.

చిన్న మూకుడు తీసుకోండి. పెద్ద మూకుడులో రెండు చెంచాల నూనె పల్చగా పరుచుకుపోయి గింజలు ఒకవైపే మాడతాయి. చిన్నదైతే నూనె లోతుగా ఉంటుంది, గింజలు అందులో మునిగి సమానంగా వేగుతాయి. మంట మధ్యస్థంగా పెట్టి నూనె కాగనివ్వండి. ఒక ఆవగింజ వేసి చూడండి. అడుక్కి వెళ్ళి ఊరుకుంటే ఇంకా కాగలేదు. వేసీ వేయగానే చిట్లి నల్లబడితే మరీ కాగింది, స్టవ్ ఆపి కాసేపు ఆగండి. ఒకటి రెండు క్షణాలు తిరిగి చిటపటమంటే సరిగ్గా ఉంది.

ముందు శనగపప్పు, ఎందుకంటే అది వేగడానికి ఎక్కువ సేపు పడుతుంది. అది లేత రంగు తిరగగానే మినపప్పు, ఆవాలు. ఇప్పుడు మంట తగ్గించండి. ఆవాలు చిటపటలాడటం సగం అయ్యాక జీలకర్ర, తుంచిన ఎండుమిర్చి. మిర్చి ఉబ్బి, మెరిసే ఎరుపు నుంచి కాస్త ముదురు రంగుకి తిరిగే క్షణంలో స్టవ్ ఆపేయండి. మినపప్పు ఇంకా పూర్తిగా ఎర్రబడలేదే అనిపిస్తుంది, ఫరవాలేదు. నూనెలో ఉన్న వేడే దాన్ని ఇంకో అర నిమిషం వేయిస్తుంది. చాలామందికి మాడేది ఇక్కడే: కంటికి సరైన రంగు కనిపించేదాకా ఆగుతారు, గిన్నెలో వేసేసరికి అది దాటిపోతుంది. ఆపాక ఇంగువ, చివర్న కరివేపాకు. కరివేపాకు కడిగితే బట్ట మీద ఆరనివ్వండి, తడి ఆకు నూనెలో పడితే ముఖం మీదికి చిందుతుంది. మూత ఎడమ చేతిలో ఉండనివ్వండి.

తాలింపు మాడితే మొహమాటపడకుండా పారేసి మళ్ళీ పెట్టండి. పోయేది రెండు చెంచాల నూనె. మాడిన తాలింపు వేస్తే గిన్నెడు పప్పు చేదవుతుంది.

చాకు వాడాలంటే భయం. కత్తిపీట మేలా?

కత్తిపీట అలవాటున్న చేతికి అది మంచిదే. ఇప్పుడే నేర్చుకునేవాళ్ళకి చాకూ చెక్కా నేర్చుకోమంటాను, నిలబడి గట్టు మీద చేసుకునే పని కాబట్టి. మొండి చాకుతోనే ఎక్కువగా తెగుతుంది. పదును లేనప్పుడు బలం పెట్టి నొక్కుతారు, అది టమాటా తొక్క మీద జారి వేలి మీదికి వస్తుంది. చాకు పదును టమాటా మీదే చూడండి: నొక్కకుండా, ఊరికే లాగితే తొక్కలోకి దిగాలి. దిగకపోతే సాన పట్టించాలి. రెండు వైపులున్న చిన్న సానరాయి ఇంట్లో ఉంటే ఇంకా మంచిది.

చెక్క కింద తడి గుడ్డ పరిచారంటే కదలదు. కూరగాయ పట్టుకున్న చేతి వేళ్ళ కొసలు లోపలికి మడవండి, చాకు పక్క భాగం మడిచిన వేళ్ళ కణుపులకి ఆనుతూ కదలాలి. ఉల్లిపాయ ఇలా కోయండి: పైభాగం తీసేసి, వేరు ముడి మాత్రం వదిలేయండి. ఆ ముడి మధ్యగా రెండు చెక్కలు చేసి పొట్టు తీయండి. చదునైన వైపు కిందికి పెట్టి, ముడిదాకా వెళ్ళకుండా నిలువు గాట్లు పెట్టండి, తరవాత అడ్డంగా కోయండి. ముడి పొరలన్నిటినీ పట్టుకుని ఉంటుంది కాబట్టి ముక్కలు చెదరవు, జారవు. పదునైన చాకుతో కోస్తే కళ్ళ నీళ్ళు కూడా తగ్గుతాయి, పొరలు నలగవు కాబట్టి.

చాకు సింకులో సబ్బునీళ్ళ కింద ఎప్పుడూ వదలకండి. తోమడానికి చెయ్యి పెట్టిన రూమ్మేట్‌కి అది కనపడదు.

మా ఊళ్ళో ఇట్టే ఉడికే కందిపప్పు బెంగళూరులో ఎందుకు ఉడకట్లేదు?

మీ చేతిలో లోపం లేదు. మూడు నాలుగు కారణాలుంటాయి.

ఒకటి ఎత్తు. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ నీళ్ళు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి. విజయవాడలోనో నెల్లూరులోనో 100 డిగ్రీలు. మూడు డిగ్రీలే తేడా అయినా మామూలు గిన్నెలో పప్పు ఉడికించేటప్పుడు తెలుస్తుంది. మంట పెంచితే లాభం లేదు, మరిగే నీటి వేడి అంతకు మించి పెరగదు, నీళ్ళు మాత్రం ఇగిరిపోతాయి. కుక్కర్ ఈ తేడాని చాలావరకు పూడుస్తుంది, లోపల ఒత్తిడి వల్ల వేడి 115 డిగ్రీలు దాటుతుంది.

రెండు నీళ్ళు. వంద కిలోమీటర్ల దూరం నుంచి తోడుకొచ్చే కావేరి నీళ్ళు మీ ఇంటికి వస్తే అదృష్టం. చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్ళూ ట్యాంకర్ నీళ్ళే. వాటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. ఇవి పప్పు కణాల గోడల్లో ఉండే పెక్టిన్ అనే జిగురు పదార్థంతో కలిసి దాన్ని గట్టిపరుస్తాయి. కుళాయి చుట్టూ తెల్లగా గార కడుతుంటే మీవి ఉప్పునీళ్ళని అర్థం. పప్పుకీ బియ్యానికీ తాగే నీళ్ళు పోయండి.

మూడు పులుపు. చింతపండు, టమాటా, మామిడికాయ పప్పు మెత్తబడ్డాక వేయాలి. పులుపు కూడా పెక్టిన్‌ని కరగనివ్వదు. గోంగూర పప్పులో ఆకు విడిగా మగ్గించి కలిపేది అందుకే. ఇక నాలుగోది, పాత సరుకు. నెలల తరబడి డబ్బాలో ఉన్న పప్పు ఎంత ఉడికించినా బిరుసుగానే ఉంటుంది.

అరగంట నానబెట్టండి, చిటికెడు పసుపు, ఒక చెంచా నూనె వేయండి. నూనె నురగని అణుస్తుంది. సోడా ఉప్పు వేస్తే మెత్తబడుతుంది గానీ రుచి మారుతుంది, బి1 విటమిన్ దెబ్బతింటుంది. రాజ్మా, శనగలు మాత్రం రాత్రంతా నానాల్సిందే. రాజ్మా నానిన నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో కుక్కర్‌లో బాగా ఉడికించండి. సగం ఉడికిన రాజ్మాలో ఉండే లెక్టిన్ అనే విషపదార్థం వల్ల వాంతులవుతాయి.

కుక్కర్ పేలుతుందేమోనని టెన్షన్. ఏం చూసుకోవాలి?

మూత పెట్టేముందు ఆవిరి గొట్టాన్ని వెలుతురు వైపు పట్టుకుని అందులోంచి చూడండి, అవతల కనపడాలి. పప్పు నురగ ఎండి అందులో అడ్డుపడటమే అసలు ప్రమాదం. అన్నానికీ కూరకీ కుక్కర్ మూడింట రెండు వంతులకి మించి నింపొద్దు. పప్పుధాన్యాలకి సగమే. రబ్బరు గాస్కెట్ బిరుసెక్కినా, పక్కల నుంచి ఆవిరి పోతున్నా మార్చేయండి. సేఫ్టీ వాల్వ్ ఒకసారి పోతే అదే కంపెనీది కొనండి, దొరికిందేదో బిగించొద్దు. ఆవిరి దానంతటదే పోయాకే మూత తీయాలి. మూత బిగుసుకుంటే లోపల ఒత్తిడి ఇంకా ఉందని అర్థం, బలవంతం చేయకండి.

విజిల్స్ లెక్క ఒక్కో కుక్కర్‌కి ఒక్కోలా ఉంటుంది. మొదటి విజిల్ తరవాత మంట తగ్గించి నిమిషాలు లెక్కపెట్టుకోవడం నమ్మకమైన పద్ధతి.

డిసెంబరులో దోశ పిండి పులవట్లేదు.

బెంగళూరు చలికాలపు రాత్రులు 15, 16 డిగ్రీలదాకా దిగుతాయి. పిండి పులియడానికి 25 నుంచి 32 డిగ్రీలు హాయి. చెన్నైలో ఎనిమిది గంటల్లో పొంగే పిండి ఇక్కడ పద్నాలుగు, పదహారు గంటలు తీసుకుంటుంది. సాయంత్రం ఏడింటికి రుబ్బి పొద్దున్నే దోశలంటే కుదరదు. మధ్యాహ్నానికే రుబ్బి పెట్టుకోండి.

పులియబెట్టే సూక్ష్మజీవులు ముఖ్యంగా మినప్పప్పుతోనే వస్తాయి, కాబట్టి పప్పు తాజాగా ఉండాలి, మరీ రుద్ది రుద్ది కడగొద్దు. ఒక చెంచా మెంతులు కలిపి నానబెట్టండి. చలికాలంలో గోరువెచ్చని నీళ్ళతో రుబ్బండి, ఉప్పు పిండి పులిశాక వేయండి. గిన్నెని లైటు మాత్రం వేసిన అవెన్‌లో పెట్టండి, లేదా మందపాటి దుప్పటి చుట్టి అల్మారాలో పెట్టండి. గిన్నెలో సగానికి మించి పోయకండి. మార్చి ఏప్రిల్ వచ్చాక ఇవన్నీ వదిలేసి తొందరగా ఫ్రిజ్‌లోకి మార్చాలి.

ఉప్పూ కారం "తగినంత" అంటారు. తగినంత అంటే ఎంత?

వంట వచ్చినవాళ్ళ చేతికి కొలత ఉంది, మీ చేతికి ఇంకా రాలేదు. వచ్చేదాకా చెంచా వాడండి, రాసుకోండి. ఒక చిన్న నోటుబుక్కు వంటింట్లో పెట్టుకుని "గ్లాసు పప్పు, చెంచా ఉప్పు, కొంచెం ఎక్కువైంది" అని ఒక వాక్యం రాయండి. మళ్ళీ వండేటప్పుడు అది చూసి తగ్గించుకుంటారు. ఇంతకంటే త్వరగా వంట నేర్పే పద్ధతి నాకు తెలియదు.

రుచి చూడటం చివర్న ఒక్కసారి కాదు. ఉల్లిపాయలు వేగాక, పులుసు పోశాక, దించేముందు చూడండి. మరుగుతున్న పులుసు నాలుక మీద వేసుకుంటే ఉప్పు తెలియదు, చెంచాలో తీసి ఊదుకుని చూడాలి. ఏదో లోపించినట్టుంటే వెంటనే ఉప్పు అందుకోకండి. చాలాసార్లు లోపించింది పులుపు, ఒక్కోసారి చిన్న బెల్లం ముక్క. రోజు మొత్తానికి మనిషికి ఉప్పు 5 గ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంటే దాదాపు ఒక చిన్న చెంచా. పచ్చడి, అప్పడం కూడా ఆ లెక్కలోవే.

కారం దగ్గర ఇంకో సంగతి. ఇక్కడి దుకాణాల్లో ఎక్కువగా దొరికేది బ్యాడగి మిర్చి, హావేరి జిల్లాది. రంగు బ్రహ్మాండంగా ఉంటుంది, ఘాటు తక్కువ. మీ అమ్మగారి లెక్క గుంటూరు మిర్చిది. అదే కొలతతో బ్యాడగి కారం వేస్తే కూర ఎర్రగా ఉండి చప్పగా ఉంటుంది. ఊరి కారం అయిపోయి ఇక్కడి కారం కొన్న రోజున కొలత మళ్ళీ మొదటి నుంచి చూసుకోండి. నేను రెండూ సగం సగం కలుపుతాను, పులుసుకి అది చక్కగా కుదురుతుంది.

అమ్మని ఫోన్‌లో అడిగితే "కొంచెం వెయ్యి, చూసుకుని దించు" అంటుంది. ఎలా అడగాలి?

"ఎంత" అని అడిగితే ఆవిడకీ తెలియదు, ఆవిడ కొలవరు కదా. "తరవాతది వేసేముందు గిన్నెలో ఎలా ఉండాలమ్మా?" అని అడగండి. అప్పుడు వస్తాయి అసలు జవాబులు: నూనె అంచుల్లో తేలాలి, పచ్చివాసన పోవాలి, గరిటె తిప్పితే అడుగు కనపడాలి. వీడియో కాల్‌లో ఆవిడ ముఖం కాకుండా చేతులు కనపడేలా పెట్టమనండి. పండక్కి ఊరెళ్ళినప్పుడు ఒక పూట ఆవిడ పిడికిట్లో తీసిన ఉప్పుని చెంచాతో కొలిచి రాసుకోండి. ఆవిడకి సంతోషం, మీకు జీవితాంతం పనికొస్తుంది.

మధ్యాహ్నం మిగిలిన అన్నం రాత్రికి తినొచ్చా?

ఫ్రిజ్‌లో ఉంటే తినొచ్చు. కుక్కర్‌లోనే గట్టు మీద ఉండిపోతే వద్దు. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉంటాయి, ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. బెంగళూరు చల్లగా ఉంటుంది కదా అని ధీమా వద్దు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వండిన పదార్థం ఎంత తక్కువ సేపు ఉంటే అంత మంచిది. వండిన రెండు గంటల్లోపు వెడల్పాటి పళ్ళెంలో పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాటికి తినేయండి. పులిహోరకో ఫ్రైడ్ రైస్‌కో ఈ చల్లటి అన్నమే పొడిపొడిగా ఉంటుంది.

చద్దన్నం వేరే సంగతి. దానికి రాత్రి వండిన అన్నాన్నే చల్లారగానే మజ్జిగ వేసి తోడుపెట్టాలి. పగలంతా బయటున్న అన్నంతో చేయకండి.

చికెన్ కడగాలా?

ఇది మన ఇళ్ళలో ఎవరూ ఒప్పుకోని జవాబు, అయినా చెబుతాను: కుళాయి కింద పెట్టి కడగొద్దు. కడిగితే బాక్టీరియా పోదు, ఆ నీటి తుంపరలతో సింకు, గట్టు, పక్కన ఆరబెట్టిన పళ్ళేలదాకా చేరుతుంది. దాన్ని చంపేది వేడే. ముక్క లోపల 74 డిగ్రీలు చేరాలి. థర్మామీటర్ లేకపోతే ఎముక దగ్గర కోసి చూడండి, ఎర్రటి నీరు రాకూడదు. కడగకుండా వండటానికి మనసొప్పకపోతే గిన్నెలో నీళ్ళు పోసి నెమ్మదిగా ముంచి తీసి, సింకుని సబ్బుతో కడగండి. పచ్చిమాంసానికి చెక్క వేరుగా ఉండాలి. ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టాలి, రసం కారినా కూరగాయల మీద పడదు.

పూరీలు వేసిన నూనె మళ్ళీ వాడొచ్చా?

వడకట్టి, రెండు మూడు రోజుల్లో తాలింపులకి వాడేయండి. మళ్ళీ మళ్ళీ బాగా కాచి వేపుళ్ళు చేయొద్దు. వేడెక్కిన ప్రతిసారీ నూనె విరిగి, పోలార్ పదార్థాలు అనే చెడు పదార్థాలు అందులో పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) నియమం 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. ఇంట్లో కొలవలేం కాబట్టి కళ్ళనీ ముక్కునీ నమ్మండి: నల్లబడినా, జిగటగా ఉన్నా, నురగ వస్తున్నా, పాత వాసన కొట్టినా పారేయాల్సిందే. సింకులో పోయకండి, గొట్టం పూడుకుపోతుంది.

ఏ గిన్నెలు కొనాలి?

మొదట తక్కువ కొనండి. మూడు లీటర్ల కుక్కర్, మందపాటి అడుగున్న స్టీలు గిన్నె, ఇనుప మూకుడు, దోశలకి ఇనుప పెనం, తాలింపుకి చిన్న మూకుడు. సెట్లు వద్దు, సగం అల్మారాలోనే ఉండిపోతాయి. ఇనుప పెనం వాడాక కడిగి, స్టవ్ మీద తడి ఆర్చి, నూనె రాసి పెట్టాలి. దోశ అంటుకుంటుంటే చాలాసార్లు పెనం సరిగ్గా కాగకపోవడమే కారణం. కాగిన పెనం మీద నీళ్ళు చిలకరించి, అర ఉల్లిపాయకి నూనె అద్ది రుద్ది పిండి వేయండి. చింతపండు పులుసు ఇనుములో, కళాయి లేని ఇత్తడిలో పెట్టొద్దు. రాతిచిప్పలో పెట్టిన పులుసు రుచి వేరు, దానికి డబ్బు పెట్టినా తప్పులేదు. నాన్‌స్టిక్ ఖాళీ పెనం పెద్ద మంట మీద వదలకండి, గీతలు పడ్డాక మార్చేయండి.

గ్యాస్ విషయంలో రోజూ చేయాల్సినవి?

పడుకునేముందు రెగ్యులేటర్ ఆపడం. ఇది ఎవరో ఒకరి పని అనుకుంటే ఎవరూ చేయరు, రూమ్‌లో ఒకరికి అప్పగించండి. సిలిండర్ వచ్చినప్పుడు మెడ దగ్గర కట్టు మీద ఎ, బి, సి, డి అక్షరాల్లో ఒకటీ, పక్కన సంవత్సరమూ ఇంగ్లీషులో ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, అలా మూడేసి నెలలు. పరీక్షకి గడువు అది. దాటిపోయుంటే తీసుకోవద్దు. రబ్బరు గొట్టం ఐదేళ్ళకోసారి మార్చాలి, అద్దె ఇంట్లో దిగగానే గొట్టం మీద ఏ సంవత్సరం ఉందో చూడండి.

వాసన వస్తే స్విచ్చులు వేయొద్దు, ఆపొద్దు కూడా. రెగ్యులేటర్ ఆపి, తలుపులు కిటికీలు తీసి, బయటికి వచ్చి గ్యాస్ అత్యవసర నంబరు 1906 కి ఫోన్ చేయండి. ఎల్పీజీ గాలి కంటే బరువు, నేల మీద పేరుకుంటుంది. కొత్త అపార్ట్‌మెంట్లలో గొట్టంలో వచ్చే సహజవాయువు తేలిక, పైకి పోతుంది. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్ళు పోయొద్దు, మూకుడు ఎత్తొద్దు. స్టవ్ ఆపి మూత పెట్టి అలాగే వదిలేయండి.

చెయ్యి కాలితే?

కుళాయి నీళ్ళ కింద ఇరవై నిమిషాలు. చాలా ఎక్కువసేపు అనిపిస్తుంది, అయినా అంతసేపూ ఉంచండి. ఐసు, టూత్‌పేస్టు, పసుపు, వెన్న ఏవీ వద్దు. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయండి. బొబ్బలు చిదమకండి. అరచేయంత మేర కాలినా, ముఖం కాలినా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

కూరగాయలు ఎక్కడ కొనాలి?

హాప్‌కామ్స్ దుకాణం దగ్గరుంటే మంచిది, రైతుల సహకార సంఘానిది. శనివారం పొద్దున్నే మడివాళ మార్కెట్‌కో, కె.ఆర్. మార్కెట్‌కో ఒకసారి వెళ్ళి చూడండి. ఏ కాలంలో ఏం వస్తుందో అక్కడ తెలిసినంత యాప్‌లో తెలియదు. తోటకూరని ఇక్కడ దంటు సొప్పు అని అడగండి. ఆకుకూరలు తెచ్చిన రోజే ఏరి, పొడి బట్టలో చుట్టి పెట్టండి, వండేముందే కడగండి.

డిసెంబరు, జనవరిలో అనపకాయలు మాత్రం వదలొద్దు. ఇక్కడ అవరేకాయి అంటారు, ఆ రోజుల్లో ఊరంతా అదే వాసన. దాని పేరు మీద మేళా కూడా జరుగుతుంది. చిత్తూరు, అనంతపురం వాళ్ళకి పితికిన పప్పు గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళు గింజలు రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే ఒక్కొక్కటీ రెండు వేళ్ళ మధ్య నొక్కండి. పప్పు జారి బయటికొస్తుంది, తొక్క వేళ్ళలో మిగులుతుంది. నలుగురు కూర్చుంటే అరగంట పని. కొబ్బరి, పచ్చిమిర్చి, కొత్తిమీర నూరి వేసిన పులుసులో అది ఉడికితే రాగిముద్దకీ దోశకీ రెండింటికీ బాగుంటుంది.

వంట అయ్యేసరికి గట్టు యుద్ధభూమిలా ఉంటుంది. నీళ్ళు కూడా రావు.

ఉడుకుతున్నంతసేపట్లో వాడిన గిన్నె వాడినట్టే తోమేయండి. తినేటప్పటికి మూకుడూ పళ్ళేలూ తప్ప మిగలవు. 2024 వేసవిలో బోర్లు ఎండి ట్యాంకర్ల కోసం పడిన అవస్థ ఇక్కడున్నవాళ్ళకి గుర్తే. కుళాయికి ఏరేటర్ (నీటి ధారలో గాలి కలిపి వాడకం తగ్గించే చిన్న జల్లెడ మూత) బిగించండి, కుళాయి వదిలేసి తోమకుండా టబ్బులో నీళ్ళు పెట్టుకుని తోమండి. బియ్యం కడిగిన నీళ్ళు మొక్కలకి.

చెత్త వేరు చేయడం ఇక్కడ తప్పనిసరి. తడి చెత్తకి ఒక డబ్బా, పడేయాల్సిన శానిటరీ చెత్తకి ఇంకొకటి, పొడి చెత్తకి సంచీ అని 2015 లో హైకోర్టు చెప్పింది. కోసేటప్పుడే చెక్క పక్కన ఒక గిన్నె పెట్టుకుని తొక్కలన్నీ అందులో వేస్తే మళ్ళీ ఏరే పని ఉండదు. పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి పొడి సంచీలో వేయండి. ఆ చెత్త చేత్తో వేరు చేసే మనుషులున్నారు, పగిలిన గాజుని కాగితంలో చుట్టి వేరుగా ఇవ్వండి.

రూమ్మేట్స్‌తో వంతులు ఎలా?

వండినవాళ్ళు తోమకూడదు. ఈ ఒక్క నియమం చాలు.

ఊరి నుంచి తెచ్చిన ఆవకాయ బూజు పట్టకుండా ఎలా?

వచ్చిన రోజే ఎండలో బాగా ఆరిన గాజు సీసాలోకి మార్చండి, ముక్కల పైన ఒక వేలు మందం నూనె నిలవాలి. తగ్గితే పప్పునూనె (నువ్వుల నూనె) కాచి, పూర్తిగా చల్లార్చి పోయండి. నూనె గాలిని తగలనివ్వదు, ఉప్పు నీటిని లాగేస్తుంది, పచ్చడి నిలవ ఉండేది అందుకే. రోజువారీకి వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకుని పెద్దది ముట్టుకోకండి. పొడి గరిటెతో తీయండి, అన్నం తింటున్న చెంచాతో అసలే తీయొద్దు. జూన్ నుంచి అక్టోబరుదాకా ఇక్కడ గాలిలో తేమ ఎక్కువ, ఆ నెలల్లో మూత బిగుతుగా పెట్టండి. పైన బూజు కనిపిస్తే అంతవరకే తీసేసి తినొద్దు, అది లోపలికి పాకి ఉంటుంది. గోంగూర పచ్చడి, టమాటా పచ్చడిలో తడి ఎక్కువ కాబట్టి ఫ్రిజ్‌లోనే ఉంచండి.